అట్టా, సన్‌బోర్డా, ప్రింటరా? నల్లగొండ ఎండకు తగిన బుల్లి స్టేషన్

బుల్లి రైళ్ల కోసం నేను కట్టిన మొదటి స్టేషన్ బొమ్మను చూసి మా మేనమామ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన రైల్వేలో గేట్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. కళ్లద్దాలు సర్దుకుని, గోడ అడుగున నేను ఎంతో ఓపికగా పూసిన పచ్చటి నాచును వేలితో చూపించి, "అల్లుడూ, పని బాగుంది. కానీ ఇంత వాన ఎక్కడ పడిందయ్యా?" అన్నాడు.

నాచు ఒక్కటే అయితే సర్దుకునేవాణ్ని. పెంకుల మీద మసి, ఇటుకల సందుల్లో చెమ్మ, కుళ్లిన తలుపు అంచులు కూడా ఉన్నాయి. అన్నీ ఇంగ్లండు వాళ్ల వీడియోలు చూసి నేర్చుకున్నవే. అక్కడ ఏడాది పొడవునా తుంపర, ఆవిరి ఇంజన్ల కాలం నాటి బొగ్గుమసి. మన దగ్గర నెలల తరబడి ఎండ, ఎర్రదుమ్ము. నడుమ కొన్నాళ్లు వచ్చి పిట్టగోడల మీద నల్లచారలు గీసిపోయే వాన. గోడకు ముసలితనం వచ్చే తీరే వేరు. ఆ రోజు నుంచి ఏ సామగ్రి ముందు నిలబడినా రెండు ప్రశ్నలు వేసుకుంటున్నాను. దీన్ని మన ఊరి గోడలా మార్చగలనా? మే నెలలో మా మేడ మీది రేకుల గదిలో ఇది బతుకుతుందా? ఈ వ్యాసంలోని సలహాలన్నీ ఆ రెండు ప్రశ్నల నుంచి వచ్చినవే. హైదరాబాద్‌లో ఏసీ గదిలో లేఅవుట్ (పట్టాలు, బొమ్మ రైళ్లు, భవనాలతో పలక మీద కట్టే బుల్లి లోకం) కట్టుకునేవారికి రెండో ప్రశ్న అక్కర్లేదు, వారు అదృష్టవంతులు.

నా లేఅవుట్ ఎనిమిది అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్. పగిడిపల్లి–నడికుడి లైనులో నల్లగొండకూ మిర్యాలగూడకూ నడుమ ఎక్కడో ఉందనుకునే ఊహా స్టేషన్. ఒక స్టేషన్ భవనం, ఒక గేటు గుమటి (గేట్‌మ్యాన్ ఉండే చిన్న గది), ఒక రైస్ మిల్లు, వెనక ఒక గుట్ట.

కొలత

ముక్కలు తయారుగా వచ్చే కిట్టు కొనకుండా సొంతంగా భవనాలు కట్టాలనుకుంటే హెచ్‌వో స్కేలు ఎంచుకోండి. అంటే అసలులో 87వ వంతు. మనిషి 19 మిల్లీమీటర్లు వస్తాడు, ఏడడుగుల తలుపు 24 మిల్లీమీటర్లు. ఎన్ స్కేలులో (160వ వంతు) అదే తలుపు 13 మిల్లీమీటర్లకు దిగిపోతుంది. కిటికీ ఊచలు చేత్తో అతికించే పని కంటికీ వేళ్లకూ శిక్ష. స్థలం నిజంగా లేకపోతే, రైళ్లు నడపడమే ముఖ్యమనుకుంటే ఎన్ మంచిది. గోడలు కట్టడంలో ఆనందం వెతుక్కునేవారికి కాదు.

మన బ్రాడ్‌గేజ్, అంటే రెండు పట్టాల నడుమ దూరం, 1676 మిల్లీమీటర్లు. హెచ్‌వోలో 19 పైచిలుకు రావాలి. బజారులో దొరికే పట్టాల వెడల్పు 16.5 మాత్రమే, అది విదేశాల స్టాండర్డ్ గేజ్‌కు సరిపోయే లెక్క. పట్టించుకోకండి, చూసేవారిలో నూటికి ఒక్కరు కూడా గమనించరు. మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా ఒకప్పుడు నడిచిన మీటర్ గేజ్ లైనును కట్టాలని మనసు పడితే మాత్రం 12 మిల్లీమీటర్ల పట్టాలు కావాలి. అవి తెప్పించుకోవడం ఒక తపస్సు. మొదటి లేఅవుట్‌కు వద్దు.

ఇంకొకటి. 24 పెట్టెల పాత ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) రకం రైలు హెచ్‌వోలో దాదాపు ఆరు మీటర్లు ఉంటుంది. అంత ప్లాట్‌ఫారం ఎవరింట్లోనూ పట్టదు. కాబట్టి భవనాల పొడవు కుదించండి, గదులు తగ్గించండి. తలుపుల ఎత్తు, మెట్ల ఎత్తు, కిటికీల వెడల్పు మాత్రం కుదించవద్దు. కన్ను మనిషిని తలుపుతో పోల్చి చూస్తుంది, భవనం పొడవును దేనితోనూ పోల్చదు. ఓవో స్కేలు (76వ వంతు) మనుషుల బొమ్మలు చవకగా దొరుకుతాయని హెచ్‌వో తలుపుల ముందు నిలబెట్టకూడదనడానికి కారణం కూడా ఇదే. అందరూ వస్తాదుల్లా కనిపిస్తారు.

గోడ దేనితో?

అసలు ఎంపిక ఇక్కడే ఉంది. నేను వాడి చూసినవి ఐదు: అట్ట, సన్‌బోర్డు, స్టైరీన్ (ఒక రకం ప్లాస్టిక్) షీటు, లేజర్‌తో కోయించిన ఎండీఎఫ్ (కర్ర నార అదిమి చేసిన పలక), త్రీడీ ప్రింటు.

ముందే తీర్పు చెప్పేస్తాను: గోడలకు సన్‌బోర్డు, పైన కనిపించే సన్నటి పనికి అట్ట. చవక కావడం ఒక కారణమే, అసలు కారణం మందం. మన తొమ్మిది అంగుళాల ఇటుక గోడ హెచ్‌వోలో 2.6 మిల్లీమీటర్లు. ఫ్లెక్సీ దుకాణాల్లో వాడే సన్‌బోర్డు 3 మిల్లీమీటర్లది దొరుకుతుంది. కిటికీ కోసి చూస్తే గోడ మందం దాదాపు సరిగ్గా వచ్చేస్తుంది. పాతకాలపు రాతి గోడ అడుగున్నర ఉంటుంది, అంటే 5.3 మిల్లీమీటర్లు. దానికి 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డు ఉండనే ఉంది. ఒక్క మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటుతో కట్టిన గోడలో కిటికీ లోతు తొమ్మిది సెంటీమీటర్లకు మించదు. ఎంత బాగా రంగు వేసినా ఆ భవనం బిస్కెట్ డబ్బాలా కనిపించడానికి కారణం అదే. మన ఎండకు కిటికీ లోతులో పడే నీడ గట్టిది. ఆ నీడ లేకపోతే మన భవనం కాదు.

సన్‌బోర్డు అంటే నురుగు పీవీసీ పలక. రెండు వైపులా కాగితం, మధ్యలో మెత్తటి నురుగు ఉండే ఫోమ్ బోర్డు వేరు. కొనేటప్పుడు గోరుతో నొక్కి చూడండి, సులువుగా సొట్ట పడితే అది ఫోమ్ బోర్డు. ఫోమ్ బోర్డుకూ ఒక ఉపయోగం ఉంది: ఒక వైపు కాగితం తడిపి ఊడదీసి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో నురుగు మీద రాళ్ల గీతలు గీస్తే రాతి గోడ అరగంటలో తయారు. పిల్లల స్కూలు ఎగ్జిబిషన్‌కు ఇంతకన్నా మంచిది లేదు. కానీ అంచులు నలుగుతాయి. ఐదేళ్లు నిలవాల్సిన లేఅవుట్‌కు సన్‌బోర్డే. దాని మీద కూడా గీతలు పడతాయి, కాకపోతే చేతికి కొంచెం బలం కావాలి. పైపొరను 220 నంబరు గరుకు కాగితంతో రుద్దకుండా రంగు వేయకండి, పొరలుగా లేచిపోతుంది. ఫ్లెక్సీ దుకాణంలో మిగిలిన ముక్కలు అడిగితే చాలాసార్లు డబ్బు కూడా తీసుకోరు. నా స్టేషన్ భవనం వెనక గోడ లోపలి వైపు ఇప్పటికీ ఒక సర్పంచ్ అభ్యర్థి సగం ముఖం ఉంది.

ఒక హెచ్చరిక. సన్‌బోర్డును లేజర్‌తో కోయించాలని చూడకండి. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకూ చేటు, యంత్రానికీ చేటు. తెలిసిన దుకాణదారు ఒప్పుకోడు, తెలియనివాడు ఒప్పుకుంటే మీరే వద్దనాలి. దానికి కత్తే గతి. ఒకేసారి కోయాలని బలం పెట్టకుండా నాలుగైదు సార్లు తేలికగా గీయండి.

అట్ట విషయానికి వస్తే, పెళ్లి శుభలేఖలను మించిన ముడిసరుకు నేను చూడలేదు. గట్టిగా, నున్నగా, సమంగా ఉంటాయి. శ్రావణంలోనూ మాఘంలోనూ ఇంటికి నడిచి వస్తాయి. కిటికీల మీది సన్‌షేడ్లు, తలుపు రెక్కలు, పిట్టగోడ మీది అంచు పట్టీ, ప్లాట్‌ఫారం మీది బండలు వీటితోనే చేస్తాను. తాండూరు, షాబాద్ బండలు రెండడుగుల చదరానివి అయితే హెచ్‌వోలో ఏడు మిల్లీమీటర్లు. శుభలేఖను ఏడేసి మిల్లీమీటర్ల చదరాలుగా కోసి, కొన్నింటికి నీలం కలిసిన బూడిద రంగు, కొన్నింటికి మట్టి పసుపు వేసి, విడివిడిగా అతికిస్తే వచ్చే అందం ముద్రించిన కాగితానికి రాదు. మూడు సాయంత్రాలు పడుతుంది. ఆ మూడు సాయంత్రాలూ క్రికెట్ చూస్తూ చేసుకోవచ్చు.

గోడంతా అట్టతోనే కట్టవచ్చా? కట్టవచ్చు, కానీ ఒక వైపే నీళ్ల రంగు వేస్తే విల్లులా వంగుతుంది. రెండు వైపులా ముందు పలచటి వార్నిష్ పూయాలి, లోపల అడ్డుపట్టీలు పెట్టాలి. జూలైలో గాలి తేమకు మళ్లీ ఉబ్బుతుంది. ఇంత చాకిరీ చేసి చివరికి సన్‌బోర్డుకు సాటిరాని గోడ కట్టడం దేనికి?

స్టైరీన్ షీటు విదేశీ పుస్తకాలన్నింటిలో మొదటి పేరు. నిజంగానే మంచి సామగ్రి. గీసి విరిస్తే నిటారుగా విరుగుతుంది, ద్రావకం పూస్తే రెండు ముక్కలు ఒకటైపోతాయి. నల్లగొండలో దొరకదు, తెప్పించుకుంటే ఖరీదు. గోడలకు దాన్ని తగలేయకండి. సన్నటి పట్టీలు, కమ్మీలు కొని కిటికీ చట్రాలకు, నీళ్ల పైపులకు వాడుకోండి.

లేజర్ ఎండీఎఫ్ ఎప్పుడు మంచిదంటే, ఒకే కిటికీ ఇరవైసార్లు కావలసినప్పుడు. రైల్వే క్వార్టర్ల వరుస కట్టాలంటే గీత కంప్యూటర్‌లో ఒక్కసారి గీసుకుని, ట్రోఫీలూ నేమ్‌బోర్డులూ చేసే దుకాణంలో కోయించుకోవచ్చు. అంచులు కాలి నల్లగా వస్తాయి, వాటిని రుద్దాలి. ఎండీఎఫ్ నీళ్లు తాగుతుంది, కాబట్టి ప్రైమర్ తప్పదు. ఒక్క గుమటి కట్టడానికి లేజర్ దాకా పోవడం ఈగను కొట్టడానికి రోకలి తీసినట్టు ఉంటుంది.

త్రీడీ ప్రింటు మీద నాకు కొంచెం కినుక ఉందని ముందే ఒప్పుకుంటాను. నగరంలో ప్రింటు చేయించి తెచ్చుకున్న ఒక గుమటిని ఏప్రిల్‌లో కారు వెనక అద్దం దగ్గర పెట్టి మరచిపోయాను. సాయంత్రానికి నమస్కారం చేస్తున్నట్టు ముందుకు వంగి ఉంది. తప్పు ప్రింటు చేసినవారిది కాదు, నాదే. మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ దాదాపు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మూసిన కారులో మన ఎండకు ఆ వేడి సులువుగా వస్తుంది. పెద్ద గోడలు అలా ప్రింటు చేస్తే పొరల గీతలు కూడా కనిపిస్తాయి, వాటిని రుద్దడానికి పట్టే సమయంలో సన్‌బోర్డు గోడ రెండుసార్లు కట్టవచ్చు. చిన్న వస్తువుల దగ్గర మాత్రం ప్రింటరుకు, అందులోనూ రెజిన్ (వెలుగుతో గట్టిపడే ద్రవం) ప్రింటుకు, ఎదురులేదు: మేడ మీది నల్ల నీళ్ల ట్యాంకు, కిటికీ ఇనుప ఊచల జాలి, ప్లాట్‌ఫారం బెంచీ, చేతిపంపు, కూలరు. గోడలు చేత్తో, సామాను ప్రింటరుతో అనేది నా పంపకం.

పైకప్పు: ఒక బోల్టు కథ

మన స్టేషన్ల షెడ్లకు, మిల్లులకు, గోదాములకు సిమెంటు రేకులో జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకులో ఉంటాయి. మొదట్లో అందరం చేసే పొరపాటు పార్సిల్ అట్టపెట్టెను చీల్చి లోపలి అలల కాగితాన్ని కప్పు మీద అతికించడం. ఆ అలల మధ్య దూరం కొలవండి. మామూలు పెట్టెల్లో సుమారు ఆరు మిల్లీమీటర్లు ఉంటుంది. హెచ్‌వోలో అది అర మీటరు! మనిషి రేకు ముడతలో పడుకోవచ్చు.

అసలు సిమెంటు రేకులో ముడత నుంచి ముడతకు 146 మిల్లీమీటర్లు. హెచ్‌వోలో 1.7. పన్నెండు ఎంఎం బోల్టు మర దూరం (ఒక మర గీత నుంచి పక్క గీతకు) 1.75! జీఐ రేకు ముడతల దూరం 76 మిల్లీమీటర్లు, అంటే హెచ్‌వోలో 0.87. ఐదు ఎంఎం బోల్టు మర 0.8, ఆరు ఎంఎం బోల్టు మర 1.0. రేకుల కర్మాగారం హార్డ్‌వేర్ దుకాణంలో కిలోల లెక్కన దొరుకుతోందన్నమాట. బిర్యానీ పార్సిల్ వచ్చే అల్యూమినియం డబ్బా అడుగును చదునుగా కోసి, పాత సైకిల్ ట్యూబు ముక్క మీద పరచి, పొడవాటి మర కడ్డీని గట్టిగా నొక్కుతూ దొర్లించండి. ముడతలు కొంచెం ఏటవాలుగా పడతాయి, మర తీరే అంత. ముడతల దిశను బట్టి చతురస్రంగా కోసుకుంటే ఆ వాలు పోతుంది. కప్పంతా ఒకే ముక్కగా వేయకండి. మూడు మీటర్ల రేకు హెచ్‌వోలో 34 మిల్లీమీటర్లు, విడివిడి రేకులుగా కోసి ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించండి. అల్యూమినియంకు ముందు గరుకు కాగితం, తర్వాత మెటల్ ప్రైమర్.

కొనుక్కునే ముడతల ప్లాస్టిక్ షీట్లు ఇంతకన్నా నీటుగా ఉంటాయి. కానీ రేకు అంచు సొట్టపడటం, గాలికి లేచిన మూల, మీద పెట్టిన రాయి బరువుకు కుంగిన చోటు ప్లాస్టిక్‌లో రావు. అల్యూమినియంలో వేలితో నొక్కితే వస్తాయి.

జిగురు

ఇది పొడిగించాల్సిన విషయం కాదు. కాగితం, కర్ర, మట్టి పనికి ఫెవికాల్. సన్‌బోర్డు మూలలకు ఫెవిక్విక్. చెప్పులకు వాడే రబ్బరు జిగురు థర్మకోల్‌ను తినేస్తుంది, దగ్గరకు రానివ్వకండి. గన్నుతో వేసే వేడి జిగురు చేతికి హాయి, కానీ రేకుల గదిలో మే నెలకు మెత్తబడి గోడలు విడిపోతాయి. నా మిల్లు ఒక మధ్యాహ్నం నాలుగు పలకలై బల్ల మీద పరుచుకుంది.

గుట్ట, కంకర, చెట్టు

విదేశీ రాళ్ల అచ్చులు అమ్ముతారు. వాటిలో పోసిన ప్లాస్టర్ పొరలు పొరలుగా, కోసుగా, పగిలినట్టు వస్తుంది. నల్లగొండకు ఆ పేరు తెచ్చిన కొండలను ఒకసారి తలెత్తి చూడండి. గుండ్రటి గ్రానైటు బండలు, ఒకదాని మీద ఒకటి, ఎవరో పేర్చి మరచిపోయినట్టు. మహబూబ్‌నగర్ వైపు గుట్టలదీ అదే తీరు, నడుమ సీతాఫలం పొదలు. ఆ అచ్చు కొని ప్రయోజనం లేదు.

నిజం రాళ్లు ఏరుకొస్తే? బరువు. పైగా ఎంత చిన్న రాయి అయినా దాని గరుకు పెద్దదే. అభ్రకం మెరుపు ఒక్కటి చాలు, అది గులకరాయని చెప్పేయడానికి. నేను తేల్చుకున్నది థర్మకోల్ ముక్కలు. కత్తితో గుండ్రంగా చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, ఫెవికాల్‌లో ముంచిన టిష్యూ కాగితం చుట్టి, దాని మీద గోడలకు వేసే పుట్టీ పలచగా రాయడం. ఆరాక గులాబీ చాయ కలిసిన బూడిద రంగు. పై నుంచి కిందికి వాననీరు జారిన దారుల వెంట నల్లటి చారలు. ఆ చారలే ప్రాణం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో కూడా చేయవచ్చు, కానీ లేఅవుట్‌ను ఎప్పుడైనా మేడ మీది నుంచి దించాల్సి వస్తే మీ నడుము మిమ్మల్ని తిడుతుంది.

పట్టాల కంకరకు ప్యాకెట్లు కొనే పని లేదు. రైల్వే కంకర పెద్ద రాయి 65 మిల్లీమీటర్లు, హెచ్‌వోలో ముప్పావు మిల్లీమీటరు. క్రషర్ల దగ్గర దొరికే రాతిపొడి, ఇళ్ల పనికి వాడే రోబో ఇసుక, అదే గ్రానైటు, అదే కోసుదనం, అదే రంగు. టీ జల్లెడలో జల్లించి, కింద పడినదాన్ని మళ్లీ గుడ్డలో జల్లిస్తే మధ్య సైజు మిగులుతుంది. అతికించే ముందు అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఆ పొడిలో నాలుగైదు సార్లు తిప్పండి. నల్లటి రేణువులు మీసాల్లా అంటుకొస్తాయి. అవి మిగిలితే ఇంజను మోటారులోకి చేరి దాన్ని తినేస్తాయి. మన ఎర్రమట్టికి కూడా ఇదే జాగ్రత్త. కొన్న కంకర మేలయ్యేది ఒక్క విషయంలోనే, ఈ అయస్కాంతం పని తప్పుతుంది.

చెట్లలో తాటిచెట్టు సొంతంగా చేయాల్సిందే. విదేశీ సెట్లలో కొబ్బరి, ఖర్జూరం ఉంటాయి కానీ మన తాడి ఉండదు. మధ్యరకం చెట్టు హెచ్‌వోలో 15 సెంటీమీటర్లు. తీగ మీద దారం చుట్టిన మాను, కాగితంతో కోసిన విసనకర్ర ఆకులు, కింద వేలాడే ఎండిన మట్టలు తప్పనిసరి. వేప, తుమ్మలకు ఎండిన తులసి కంకులు బాగుంటాయి. అమ్మను అడిగి తీసుకోండి, అడగకుండా తీసుకుంటే వచ్చే గొడవకు ఈ వ్యాసం బాధ్యత వహించదు. గడ్డికి రంపపు పొట్టు చాలు. దానికి పసుపు కలిపి ఎండుగడ్డి రంగు తెద్దామని నాకూ ఒక తెలివి పుట్టింది. రెండు వారాలు బంగారంలా ఉండి, కిటికీ వెలుగుకు వెలిసిపోయింది. నేలకు వాడే ఎల్లో ఆక్సైడ్ పొడి అలా వెలియదు.

వెదరింగ్: వాషా, పొడులా, మన మట్టా?

వెదరింగ్ అంటే బొమ్మను ఎండకూ వానకూ దుమ్ముకూ పాతబడినట్టు చేయడం. ఇక్కడ మూడు దారులున్నాయి. నీళ్లలో బాగా పలచన చేసిన రంగును గోడంతా పారించి సందుల్లో నిలబడనివ్వడం వాష్. కుంచెతో పొడి రంగు అద్దడం రెండోది. సొంత ఊరి మట్టిని నూరి వాడటం మూడోది. విదేశీ పాఠాలు వాష్‌కు పెద్దపీట వేస్తాయి, ఎందుకంటే అక్కడి మురికి తడి మురికి. మనది పొడి మురికి. అందుకే నేను పొడులకు పెద్దపీట, వాష్‌కు చిన్నపీట వేస్తాను.

కొనే పిగ్మెంట్ (పొడి రంగు) సీసాలు అద్భుతంగా ఉంటాయి, వాటి ధరలు కూడా. వాటిలో తుప్పు రంగులు చాలావరకు ఐరన్ ఆక్సైడే. సిమెంటు గచ్చుకు కలిపే రెడ్ ఆక్సైడ్ కూడా ఐరన్ ఆక్సైడే, గడపలకు పూసే జాజు కూడా దాదాపు అదే కుటుంబం. హార్డ్‌వేర్ దుకాణంలో పావుకిలో రెడ్ ఆక్సైడ్ కొంటే మీ మనవల లేఅవుట్‌కు కూడా సరిపోతుంది. కాకపోతే అది చాలా ఘాటు. ఒక పాలు రెడ్ ఆక్సైడ్‌కు నాలుగు పాళ్లు సుద్దపొడి, చిటికెడు బొగ్గుపొడి కలిపితే మన చెల్క (ఎర్రనేల) దుమ్ము రంగుకు దగ్గరగా వస్తుంది. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడి పొలాల మధ్య స్టేషన్ అనుకుంటే రెడ్ ఆక్సైడ్ మానేసి బొగ్గు, సుద్ద, కొంచెం గోధుమ రంగు.

మరి నిజం మట్టి? నేలకు వాడండి, గోడకు వద్దు. ఎంత నూరినా రేణువు పెద్దదిగానే ఉంటుంది, గోడ మీద ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. నేల మీద మాత్రం దానికి పోటీ లేదు. పెనం మీద వేడి చేసి పురుగూ పుట్రా పోగొట్టి, అయస్కాంతం తిప్పి, సన్న గుడ్డలో జల్లించి చల్లండి. ఫెవికాల్ నీళ్లు తగలగానే ఎర్రమట్టి రంగు ముదురుతుంది, ఆరినా పూర్తిగా వెనక్కి రాదు. కాబట్టి జిగురు ఆరాక పైన పొడిమట్టి ఇంకొక పలచటి పొర చల్లి, ఊది దులపండి.

పూసే వరుస చెబుతాను, ఎందుకంటే వరుస తప్పితే ఏ సామగ్రి అయినా వృథా. మొదట ఎండ: గోడ అసలు రంగులో తెలుపు కలిపి, దక్షిణం, పడమర గోడలను మిగతావాటికన్నా వెలిసినట్టు చేయండి. ఇది ఎవరూ చెప్పరు, కానీ ఊరిలో ఏ పాత ఆఫీసు చుట్టూ తిరిగినా కనిపిస్తుంది. తర్వాత పెచ్చులు: సున్నం వేసిన గోడ మీద స్పాంజి ముక్కతో కింది పొర రంగును అక్కడక్కడ అద్దండి; తెలుపు కింద నీలిమందు కలిసిన పాత సున్నం, దాని కింద సిమెంటు బూడిద. పెచ్చుల కోసం ఉప్పు చల్లి కడిగే పద్ధతి ఒకటుంది, అది ఇనుముకు బాగుంటుంది కానీ సున్నపు గోడకు స్పాంజే నమ్మకం. మూడోది వాన: పిట్టగోడ మీద, సన్‌షేడు అంచుల కింద, కప్పు నీరు పడే గొట్టం కింద నల్లటి చారలు. పైన చిక్కగా, కింద మాయమయ్యేలా, ఒక సెంటీమీటరుకు మించకుండా. గోడ మధ్యలో చార పెట్టకండి, నీరు ఎక్కడి నుంచి జారిందో చూపించలేకపోతే ఆ చార అబద్ధం. చివరికి దుమ్ము: చినుకులకు ఎగిరిన ఎర్రమట్టి నేల నుంచి అడుగు, అడుగున్నర ఎత్తు దాకా గోడకు అంటుతుంది. హెచ్‌వోలో నాలుగైదు మిల్లీమీటర్లు. ఆ ఎర్రటి పట్టీ ఒక్కటి సరిగ్గా వస్తే, మిగతావి కొంచెం తప్పినా మనవాళ్లు ఊరు గుర్తుపడతారు.

వాష్‌కు యాక్రిలిక్ మంచిదా, ఆయిల్ రంగు మంచిదా? ఎండాకాలంలో ఆయిల్. మేలో యాక్రిలిక్ వాష్ రెండు నిమిషాల్లో ఆరి, అంచుల దగ్గర చెరువు గట్టులా గీత వదిలిపోతుంది. టర్పెంటైన్‌లో పలచన చేసిన ఆయిల్ రంగు గంటసేపు మాట వింటుంది, తప్పు తుడుచుకోవచ్చు. కిటికీలు తెరిచి ఉంచండి, థర్మకోల్ గుట్ట దగ్గరకు మాత్రం తీసుకుపోకండి. వానాకాలంలో, చలికాలంలో యాక్రిలిక్ చాలు. గిన్నెలు తోమే సబ్బునీరు ఒక చుక్క కలిపితే బొట్లుగా నిలబడకుండా పారుతుంది. పోస్టర్ కలర్స్‌తో గోడ వేసినవారు వాష్ జోలికి పోకూడదు, తడి తగిలితే కింది రంగు కూడా లేచి వస్తుంది.

రైస్ మిల్లుకు ఈ వరుస మారుతుంది. మిర్యాలగూడ రోడ్డులో బాయిల్డ్ రైస్ మిల్లుల పక్క నుంచి వెళ్లినవారికి తెలుసు, అక్కడి దుమ్ము ఎర్రది కాదు. ఊక దుమ్ము: లేత గోధుమ రంగు, రేకుల మీద, ఎలివేటర్ గూళ్ల మీద, పక్కనున్న చెట్ల ఆకుల మీద కూడా. బాయిలర్ చిమ్నీ మూతి దగ్గర మాత్రమే నలుపు. ఆవరణలో బూడిద కుప్ప నల్లబూడిద రంగు. ఊక కుప్పకు నిజం ఊక పోయాలనిపిస్తుంది, నేనూ పోశాను. వడ్ల పొట్టు సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు, హెచ్‌వోలో అది డెబ్భై సెంటీమీటర్ల దుంగ. కట్టెల అడితీలా కనిపించింది. సన్నగా జల్లించిన రంపపు పొట్టే ఊకకు సరైన ఊక.

పొడులను వార్నిష్‌తో బిగించాలా వద్దా అనేది పాత తగాదా. మ్యాట్ వార్నిష్ చల్లితే పొడి సగం మాయమవుతుంది, మిగిలింది ముదురుతుంది. చేతులు తగిలే భవనాలకు తప్పదు, అప్పుడు కావలసినదానికన్నా ఎక్కువగా పూసి చల్లండి. వెనక వరుసలో ఎవరూ ముట్టని మిల్లుకు, గుట్టకు అక్కర్లేదు. నేను ముందు వరుసకు వార్నిష్ చల్లి, ఆరాక గోడ అడుగున ఎర్రపట్టీ ఒక్కటి మళ్లీ అద్దుతాను.

అక్షరాలు

స్టేషన్ పేరు బోర్డును చేత్తో రాయాలా, ప్రింటు తీయాలా? ప్రింటు. పసుపు మీద నలుపు, తెలుగు, హిందీ, ఇంగ్లిషు, చాలాచోట్ల ఉర్దూ. మూడు మీటర్ల బోర్డు మీకు 34 మిల్లీమీటర్లే. తెలుగు ఒత్తులు అంత చిన్నగా చేత్తో రాయగలిగినవారు బియ్యపుగింజ మీద పేర్లు రాసి బతకవచ్చు. లేజర్ ప్రింటరే వాడండి, ఇంక్‌జెట్ సిరా తడికి పాకుతుంది. గోడ మీది సిమెంటు ప్రకటనలకు మాత్రం ప్రింటు తీశాక కాగితం వెనక వైపు గరుకు కాగితంతో పొరగా అరగదీసి, ఫెవికాల్‌తో గోడ గీతల్లోకి నొక్కాలి. లేకపోతే అది గోడ మీద రాసినట్టు కాకుండా స్టిక్కరులా ఉంటుంది. సినిమా పోస్టరుకు ఆ కష్టం వద్దు, అది నిజంగానే అతికించిన కాగితం. సగం చింపితే సరి.

కప్పి ఉంచడం

లేఅవుట్ మీద మనం పూసిన దుమ్ము తప్ప ఇంకే దుమ్మూ పడకూడదు. గదిలోని నిజం దుమ్ము నూలు పోగుల్లా ఉంటుంది, 87 రెట్లు పెంచి చూస్తే పట్టాల మీద తాళ్లు పరిచినట్టు. కప్పడానికి పాలిథిన్ షీటు చవక, నీళ్లు కూడా ఆపుతుంది. కానీ వానాకాలంలో లోపలి తేమ బయటికి పోక అట్ట ముక్కలు లేస్తాయి, ఫెవికాల్ మీద బూజు వస్తుంది. పాత నూలు చీర మేలు. రేకుల గది కారే రకమైతే చీర మీద ఇంకాస్త ఎత్తులో, అంచులు తెరిచి, పాలిథిన్ కట్టండి. నెలకు ఒకసారి మేకప్ కుంచెతో దులిపితే చాలు. మా ఇంట్లో ఆ కుంచె ఎవరిదో అడగవద్దు.